నిలబడితే కాగే బండి

ఈ సంచిక ఆరోగ్య ప్రశ్నోత్తరాల్లో రోగి ఒక టోయింగ్ బండి. ఆ బండి వల్ల చెయ్యి కాల్చుకున్న డ్రైవరు కూడా ఉన్నాడు, అతని సంగతి చివర్లో. ఉత్తరాలన్నీ హోసూరు, కృష్ణగిరి వైపు నుంచి వచ్చినవే. అందులో ఆశ్చర్యం లేదు. హోసూరులో అశోక్ లేలాండ్, టీవీఎస్ కర్మాగారాలున్నాయి. కృష్ణగిరి దగ్గర బెంగళూరు, సేలం, చెన్నై రహదారులు కలుస్తాయి, కుప్పం మీదుగా రాయలసీమ రోడ్డూ అక్కడికే చేరుతుంది. గ్రానైట్ లారీలు, వేసవిలో మామిడి లారీలు సరేసరి. ఇన్ని లారీలు తిరిగే చోట ఆగిపోయినవాటిని లాగే బండికి ఏడాది పొడవునా బాడుగ ఉంటుంది.

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కృష్ణగిరిలో పాత రికవరీ బండి. ఖాళీగా హోసూరు పోయి వస్తే టెంపరేచర్ ముల్లు కదలదు. గుంతలో పడిన లారీకి వించ్ వేసి పది నిమిషాలు నిలబడితే మాత్రం ముల్లు ఎర్రగీత దగ్గరికి పోతుంది. కూలెంట్ మార్చినాం, థర్మోస్టాట్ తీసేసినాం, ఏం లాభం లేదు. ఇప్పుడు షెడ్డులో రేడియేటర్ మార్చాలంటున్నారు. మార్చాలా?

జవాబు: ఇప్పుడే వద్దు. రోగ లక్షణం ఉత్తరంలోనే స్పష్టంగా ఉంది. పరుగులో చల్లగా ఉండి నిలబడితే కాగే బండికి మొదట చూడాల్సింది ఫ్యానును, దాన్ని పట్టి తిప్పే ఫ్యాన్ క్లచ్‌ను.

బండి గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ఫ్యానుకు పెద్దగా పని ఉండదు. అదే బండి ఆగి, ఇంజను బలాన్ని వించ్‌కు మళ్లించే పీటీవో వేసి, వించ్ కోసం ఇంజను వేగం పెంచితే ఎదురుగాలి సున్నా, వేడి మాత్రం నిండుగా. మామూలు లారీకి ఈ అవస్థ ట్రాఫిక్‌లో ఎప్పుడో వస్తుంది. టోయింగ్ బండికి అదే వృత్తి. అందుకే క్లచ్‌లో చిన్న లోపమున్నా ఇందులో ముందే బయటపడుతుంది. కృష్ణగిరి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంటే హోసూరు 900 మీటర్లకు దగ్గరగా ఉంటుంది. వెనక లారీని తగిలించుకుని సూళగిరి మీదుగా ఎక్కేటప్పుడు వేగం పడిపోతుంది, అప్పుడూ భారమంతా ఫ్యాను మీదే. పైగా హోసూరు ఎత్తులో ఉత్త నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. మంచి కూలెంట్, ఒత్తిడి నిలిపే మూత లేకపోతే ఆ ఎక్కుడులో నీళ్లు త్వరగా పొంగిపోతాయి.

ఫ్యాన్ క్లచ్ అంటే ఫ్యాను మధ్యలో కనిపించే అల్యూమినియం డబ్బా. లోపల ఆముదంలా చిక్కటి సిలికాన్ ద్రవం ఉంటుంది. డబ్బా ముందు భాగంలో రెండు లోహాలతో చేసిన పట్టీ చుట్టగా కనిపిస్తుంది. రేడియేటర్ గుండా వచ్చే గాలి బాగా వేడెక్కితే ఆ చుట్ట మెలి తిరిగి లోపలి వాల్వును తెరుస్తుంది. ద్రవం గాడుల మధ్యకు చేరి, ఫ్యానును షాఫ్టుతో పాటు తిప్పుతుంది. గాలి చల్లబడితే వాల్వు మూసుకుంటుంది, ఫ్యాను నెమ్మదిస్తుంది. సిలికాన్ కారిపోయినా, చుట్ట మట్టి పట్టి బిగుసుకున్నా ఇంజను ఎంత కాగినా ఫ్యాను సోమరిగానే తిరుగుతుంది.

పరీక్షకు ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఇంజను పూర్తిగా చల్లారాక, తాళంచెవి జేబులో వేసుకుని చేయాలి. ముందు కంటితో చూడాలి. డబ్బా మధ్య నుంచి అంచులకు జిడ్డు చారలు, వాటి మీద దుమ్ము అట్టకట్టి ఉంటే సిలికాన్ కారిందని అర్థం. తర్వాత ఫ్యానును చేత్తో తిప్పాలి. ఆరోగ్యంగా ఉన్న క్లచ్ బరువుగా కదిలి వెంటనే ఆగిపోతుంది. మూడు నాలుగు చుట్లు గిరగిరా తిరిగితే దాని పని అయిపోయినట్టే. అసలు కదలకపోతే పట్టేసిందని. చివరగా రెక్క కొసను పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపాలి. కొస దగ్గర 6 మిల్లీమీటర్లకు మించి ఆడితే లోపలి బేరింగ్ అరిగింది. ఆ ఊపు వాటర్ పంపు నుంచి వస్తోందేమో కూడా అప్పుడే చూసుకోవాలి.

ఈ మూడింటిలో పాసైనా అనుమానం తీరకపోతే వేడి పరీక్ష చేయాలి. బండిని నిలబెట్టి, రేడియేటర్ ముందు భాగాన్ని అట్టముక్కతో కొంత కప్పి, ఇంజను వేగం కొద్దిగా పెంచి ఉంచాలి. ఒకరు క్యాబిన్‌లో ముల్లును కనిపెట్టి ఉండాలి. ముల్లు ఎర్రగీతను చేరకముందే ఫ్యాను మోత ఒక్కసారిగా పెరగాలి, కాసేపటికి ముల్లు దిగాలి. మోత పెరగకుండా ముల్లు మాత్రం ఎక్కుతూ పోతే పరీక్ష అక్కడే ఆపి అట్ట తీసేయాలి. రోగం తేలిపోయింది. టాకోమీటరు ఉన్న షెడ్డులో ఫ్యాను వేగాన్ని, అది బిగించిన షాఫ్టు వేగాన్ని పోల్చి కూడా చెబుతారు. తిరిగే ఫ్యానులో చుట్టిన పేపరు పెట్టి ఆపి చూడటం కొన్ని షెడ్లలో ఇంకా నడుస్తోంది. అది పరీక్ష కాదు, ప్రమాదం. ప్లాస్టిక్ రెక్క విరిగితే ముక్క ఎటు ఎగిరిపడుతుందో చెప్పలేం.

కృష్ణగిరి బండ్లకు ఇంకో అనుమానం తప్పనిసరి. గ్రానైట్ క్వారీల దారిలో తిరిగే బండికి రేడియేటర్ రేకుల మధ్య సన్నని రాతిపొడి పేరుకుంటుంది. ముందు ఇంటర్‌కూలర్, ఏసీ కండెన్సర్ ఉంటే వాటి మధ్య ఇరుక్కున్న దుమ్ము బయటికి కనిపించదు. క్లచ్ బాగున్నా గాలి దూరదు. ఫ్యాను వైపు నుంచి ముందుకు, తక్కువ ఒత్తిడి నీటితో కడిగాకే క్లచ్ మీద తీర్పు చెప్పాలి. ఫ్యాను చుట్టూ ఉండే ష్రౌడ్ ఉందో లేదో కూడా చూడాలి. ఒకసారి విప్పినవాళ్లు దాన్ని షెడ్డు మూలన పడేయడం మామూలే. అది లేకపోతే ఫ్యాను బయటి గాలినే తిప్పుతుంది, రేడియేటర్ గుండా లాగదు. ఇక పరుగులో కూడా కాగే బండి కథ వేరు. దానికి లోపల పూడిపోయిన రేడియేటర్, వాటర్ పంపు, హెడ్ గాస్కెట్ చూడాలి.

క్లచ్ పోయిందని తేలితే మార్చడమే వైద్యం. కొన్ని జపాన్ బండ్లకు సిలికాన్ ద్రవం విడిగా దొరుకుతుంది గానీ, కారిపోయిన సీలును అది బాగుచేయదు. ఇంజనాయిలు పోస్తే ఏ ఉపయోగమూ లేదు. కొన్ని ఇంజన్లలో ఫ్యాను నట్టుకు ఎడమ మరలుంటాయి. ఆ సంగతి తెలియక రెంచి మీద బలం పెడితే వాటర్ పంపు కూడా పోతుంది. కొత్త క్లచ్‌ను బిగించేదాకా నిలువుగానే ఉంచాలి, పడుకోబెడితే ద్రవం కారే అవకాశముంది. తీసేసిన థర్మోస్టాట్‌ను తిరిగి పెట్టించాలి. అది లేని ఇంజను తగినంత వేడెక్కదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది.

ప్రశ్న: పొద్దున స్టార్ట్ చేస్తే ఫ్యాను భోరుమని, ఒకటి రెండు నిమిషాల్లో తగ్గుతోంది. మా ఇంకో బండిలో ఆ మోత రోజంతా ఉంది. రెండూ జబ్బేనా?

జవాబు: మొదటిది జబ్బు కాదు. రాత్రంతా ఆగి ఉన్నప్పుడు సిలికాన్ కొంత గాడుల్లోకి జారుతుంది. ఇంజను తిరగగానే అది వెనక్కి పోతుంది, మోత తగ్గుతుంది.

రెండోది జబ్బే. క్లచ్ పట్టేసి వదలడం లేదు. ఇంజను కాగకపోవడంతో యజమానులు దీన్ని పట్టించుకోరు. అయితే పూర్తి వేగంతో తిరిగే ఫ్యాను ఇంజను బలంలో గణనీయమైన వాటా తినేస్తుంది. ఎక్కుడులో లాగుడు తగ్గుతుంది, డీజిల్ ఖర్చు పెరుగుతుంది, బెల్టుకూ పంపు బేరింగుకూ ఆయుష్షు తగ్గుతుంది. పాడైన క్లచ్‌కు బోల్టులు వేసి ‘డైరెక్ట్’ చేసినా ఫలితం ఇదే. నడిరోడ్డున దిక్కులేనప్పుడు షెడ్డుదాకా చేరడానికి సరే, దాన్నే శాశ్వతం చేసుకోవడం తగదు.

ప్రశ్న: మాది బీఎస్ 6 బండి. ఇవే పరీక్షలు పనిచేస్తాయా?

జవాబు: సగమే. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్ 6 లారీల్లో చాలావాటికి ఫ్యాన్ క్లచ్‌ను ఇంజను కంప్యూటరు (ఈసీయూ) నడిపిస్తుంది. వైరు తెగినా, సెన్సరు తప్పు చెప్పినా క్లచ్ మంచిదైనా సరిగా పనిచేయకపోవచ్చు. ముందు స్కానర్ పెట్టి ఎర్రర్ కోడ్ చదివించాలి, తర్వాతే డబ్బా విప్పాలి.

ప్రశ్న: కాగిన బండి రేడియేటర్ మూత తీస్తే మా డ్రైవరు చెయ్యి, ముంజేయి కాలినాయి. పక్కనున్నవాళ్లు టూత్‌పేస్టు పూసినారు. సరైనదేనా?

జవాబు: కాదు. పేస్టు, ఇంకు, నెయ్యి, మంచుగడ్డ ఏదీ పనికిరాదు. కాలిన చోట 20 నిమిషాలపాటు మామూలు చల్లని నీళ్లు ధారగా పోయాలి. ఆలస్యమైనా మూడు గంటల్లోపు పోస్తే మేలే. ఉంగరం, గడియారం, కంకణం వాపు రాకముందే తీసేయాలి. బొబ్బలు చిదపకూడదు. శుభ్రమైన, అంటుకోని గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చెయ్యి, ముఖం, కీళ్ల మీద కాలితే గాయం చిన్నదైనా డాక్టరు చూడాల్సిందే, ధనుర్వాతం ఇంజెక్షన్ అవసరమో లేదో కూడా ఆయనే చెబుతారు. గాయం పెద్దదైతే 108కి ఫోన్ చేయాలి.

మూత దగ్గర ఒకటే నియమం. పై గొట్టాన్ని పిసికితే మెత్తగా ఉండాలి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాలి. కనీసం అరగంట పడుతుంది. బాడుగ పోతుందని తొందరపడి తీస్తే, ఒత్తిడి తగ్గగానే లోపలి నీళ్లు ఒక్కసారిగా ఆవిరై మీదకు చిమ్ముతాయి.

ఉత్తరంలో అడగకపోయినా చెప్పాల్సింది ఒకటుంది. చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. తాగినవారు ముందు మత్తులో ఉన్నట్టు కనిపిస్తారు, తర్వాత ఒకటి రెండు రోజుల్లో మూత్రపిండాలు దెబ్బతింటాయి. విరుగుడు మందు, డయాలసిస్ ఉన్నాయి, త్వరగా చేరితేనే ఫలితం. వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, కూలెంట్ డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మిగిలిన కూలెంట్‌ను నీళ్ల సీసాలో పోసి క్యాబిన్‌లో పెట్టకండి.