రొయ్యల సుంకం ఎవరు కడతారు?



"అమెరికా మన మీద 50 శాతం సుంకం వేసింది కదా, ఆ డబ్బు మనమే కట్టాలా?" ఈ ప్రశ్న 2025లో మీ ఇంట్లోనూ వచ్చే ఉంటుంది. 2025 ఆగస్టు 7న 25 శాతం, రష్యా చమురు కొంటున్నామని ఆగస్టు 27న మరో 25 శాతం వేశారు. పిల్లలకు దీన్ని మన భోగాపురం, సంతబొమ్మాళి చెరువుల రొయ్యలతో చెబితే సులువుగా అర్థమవుతుంది.

ఆ సుంకం ఉన్న రోజుల్లో 100 డాలర్ల వనామీ సరుకు అమెరికా రేవులో దిగిందనుకుందాం. 50 డాలర్ల సుంకం కట్టేది అక్కడ దిగుమతి చేసుకునే కంపెనీ. ఆ డబ్బు చేరేది వాళ్ల ప్రభుత్వానికి. "అయితే మనకేం నష్టం?" అని పిల్లలు వెంటనే అడుగుతారు. అడగాలి కూడా. అదే సరుకు ఈక్వడార్ నుంచి తెస్తే అప్పట్లో సుంకం 15 డాలర్లే. (రొయ్యలపై పాత సుంకాలు వేరే ఉన్నాయి; లెక్క తేలిక కోసం వదిలేశాం.) కాబట్టి కొనేవారు మన ఎగుమతిదారును ధర తగ్గించమంటారు. ఆయన చెరువు దగ్గర రేటు తగ్గిస్తారు. రైతు మాత్రం ఇంకెవరినీ తగ్గించమనలేరు. సీడుకు, మేతకు, కరెంటుకు ఖర్చు అప్పటికే అయిపోయింది. కౌంటుకు వచ్చిన రొయ్యను రేటు కోసం చెరువులోనే ఉంచితే రోగం భయం. మన తల్లిదండ్రుల్లో ఆక్వా రైతులు ఉన్నారు, వారికి ఇది మేం చెప్పనక్కర్లేదు.

తర్వాతి ప్రశ్న: "మరి అమెరికా మన మిత్రదేశమా, కాదా?" ఒక్క మాటలో జవాబు చెప్పకండి. 1998లో పోఖ్రాన్ అణు పరీక్షలు చేశామని అమెరికా ఆంక్షలు పెట్టింది. రెండేళ్లు తిరక్కముందే, 2000 మార్చిలో, అధ్యక్షుడు క్లింటన్ హైదరాబాద్ వచ్చారు. 2008లో ఆ అణుశక్తి మీదే రెండు దేశాలూ ఒప్పందం చేసుకున్నాయి. రణస్థలం మండలం కొవ్వాడలో ఆరు అమెరికా రియాక్టర్లు, ఒక్కోటి 1208 మెగావాట్లు, పెట్టాలన్న ప్రతిపాదన ఆ ఒప్పందం తర్వాతదే. వాటిని సరఫరా చేయాల్సిన వెస్టింగ్‌హౌస్ 2017లో దివాలా పిటిషన్ వేసింది. విశేషమేమిటంటే, అణు ఒప్పందానికి చర్చలు మొదలైన 2005లోనే అమెరికా మన రొయ్యలపై యాంటీ డంపింగ్ సుంకం కూడా వేసింది.

ఇంటి పని ఒకటి. పటంలో ఈక్వడార్ ఎక్కడుందో వెతకమనండి. నెల రోజులు పేపర్లో వచ్చే రొయ్యల కౌంటు ధరలు నోట్‌బుక్‌లో రాయించండి. అమెరికా సుంకాల వార్త వచ్చిన రోజు పక్కన గుర్తు పెట్టమనండి.