కారుతో గోదావరి దాటాలంటే: పంటు, పోటు, పాటు



ఈ సంవత్సరం పాత విద్యార్థులం కొందరం కలిసి మిమ్మల్ని నరసాపురం రేవు మీదుగా అంతర్వేది తీసుకువెళ్ళాలని అనుకున్నాం. రెండు కార్లు, ఒక వ్యాను. ప్రయాణం ఎలా వేసుకోవాలో చెప్పమని నన్ను అడిగారు. నేను రేవు అవతలి ఊరివాణ్ణి కావడం ఒక కారణం, ఫిజిక్స్ చదవడం రెండో కారణం. మూడో కారణం కింద చెబుతాను.

ముందుగా పటం చూడండి. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండు పాయలుగా చీలుతుంది. ఈ రెండింటి మధ్య, దక్షిణాన సముద్రంతో, అన్నివైపులా నీళ్ళున్న దీవే కోనసీమ. వశిష్ఠ నుండి చీలిన వైనతేయ దీన్ని మళ్ళీ రెండుగా కోస్తుంది. అందుకే మనవాళ్ళు పుస్తకాల్లో ద్వీపం అని రాయకపోయినా, ఇంటి దగ్గర మాత్రం "రేవు దాటి వచ్చాడు" అంటారు. యానాం-ఎదుర్లంక దగ్గర బాలయోగి గారి పేరుతో వంతెన రాకముందు అక్కడా పంటే దిక్కు. చించినాడలో వంతెన ఉంది. నరసాపురం-సఖినేటిపల్లి మధ్య మాత్రం కారు తిన్నగా దాటాలంటే పంటు ఎక్కాల్సిందే. లేదంటే పాలకొల్లు, చించినాడ, దిండి, రాజోలు మీదుగా చుట్టు తిరగాలి.

చుట్టు తిరగాలా, పంటు ఎక్కాలా అన్నది లెక్క వేసి తేల్చుకోవచ్చు. ఉదాహరణకు పంటు ఒకసారికి 6 కార్లు ఎక్కించుకుంటుందనుకుందాం. ఎక్కించడానికి 10 నిమిషాలు, దాటడానికి 10, దించడానికి 10, తిరిగి రావడానికి 10. అంటే విడతకు విడతకు మధ్య 40 నిమిషాలు. మీ ముందు 15 కార్లు ఉంటే మీది 16వ కారు, మూడో విడత. మొదటి విడత ఇప్పుడే బయలుదేరుతుందనుకున్నా మీ పంటు కదిలేది 80 నిమిషాల తర్వాత, అవతలి ఒడ్డు చేరేది 90కి. చుట్టు దారి గంటుంపావు అయితే చుట్టే నయం. ముందు 5 కార్లే ఉంటే ఆలోచించకుండా వరుసలో నిలబడండి. విడతకు ఎన్ని కార్లు, చివరి పంటు ఎన్ని గంటలకు అన్నవి రేవులో అడిగి పై లెక్కలో వేసుకోండి. తీర్థం రోజుల్లో, అనగా మాఘ మాసంలో భీష్మ ఏకాదశి నుండి పౌర్ణమి వరకు, ఈ లెక్క ఏదీ పనిచేయదు.

ఇక అసలు పాఠం. రేవు సముద్రానికి దగ్గర కనుక ఇక్కడ నదికి కూడా పోటు, పాటు ఉంటాయి. పుస్తకంలో ఆటుపోట్లు అంటారు. నీరు ఎక్కితే పోటు, తీస్తే పాటు. చంద్రుడు రోజూ ఆలస్యంగా ఉదయిస్తాడు కదా, అందువల్ల రెండు పోట్ల మధ్య 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. పోటు నుండి పాటుకు సుమారు 6 గంటల 12 నిమిషాలు. మర్నాడు అదే పోటు 50 నిమిషాలు ఆలస్యం. కనుక రేవులో పనిచేసేవారిని ఒక్కసారి అడిగితే చాలు. ఈరోజు నిండు పోటు ఉదయం 8 గంటలకైతే నీరు బాగా తీసేది మధ్యాహ్నం 2 గంటల 12 నిమిషాలకు. మూడు రోజుల తర్వాత పోటు పదిన్నరకు. వేసవిలో ఆనకట్ట నుండి దిగువకు నీళ్ళు తక్కువగా వస్తాయి కనుక పోటు పాటులదే రాజ్యం. వరదలో ఈ లెక్క చెల్లదు.

అమావాస్యకు, పౌర్ణమికి సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరుసలోకి వస్తాయి. అప్పుడు పోటు పెద్దది. అష్టమి దగ్గర చిన్నది. ఇంతవరకు పదో తరగతిలోనే చదువుకున్నాం. మనం మరిచిపోయేది రెండో సగం: పోటు పెద్దదైన రోజున పాటు కూడా పెద్దదే. నీరు ఎంత పైకి ఎక్కుతుందో అంత కిందికి తీస్తుంది. ఒకటి రెండు రోజులు ఆలస్యంగా కూడా ఇది కనిపిస్తుంది.

మూడో కారణం ఇదే. ఇంటర్ రెండో సంవత్సరంలో ఫిజిక్స్ ప్రాక్టికల్స్ నాకు మధ్యాహ్నం 2 గంటల బ్యాచ్‌లో పడ్డాయి. అది మాఘ పౌర్ణమి మర్నాడు. తీర్థానికి ఇంటికి వెళ్ళినవాణ్ణి, "పున్నమికి నీళ్ళు ఎక్కువ, పంటుకు ఢోకా లేదు" అనుకుని 1 గంటకు ఎక్కాను. నది నడుమ పంటు ఇసుక మేట ఎక్కి ఆగింది. నాటు పడవలు వచ్చి మమ్మల్ని కొద్దికొద్దిమందిగా దించేసరికి రెండున్నర. నేను లాబ్‌లో అడుగుపెట్టింది 3 గంటల 10 నిమిషాలకు. ఎగ్జామినర్ గారు దయతో కూర్చోనిచ్చారు గానీ 30కి నాకు వచ్చినవి 17. ఆ మార్కుల వల్ల పోయిన సీటు గురించి ఇక్కడ రాయను. మా నాన్న కొబ్బరి దింపు పని చేస్తాడు, బడికి వెళ్ళలేదు. సాయంత్రం ఫోనులో ఒకటే అన్నాడు: "పున్నమి మర్నాడు మిట్టమధ్యాహ్నం ఎవడైనా రేవు దాటతాడంట్రా? నన్నొక్క మాట అడగొచ్చు కదా."

ఆ రోజు పంటు మీద ఒక పెద్దాయన "అందరూ దిగితే పంటు తేలుతుంది" అన్నాడు. తర్వాత ఆ లెక్క వేసి చూశాను. పంటు అడుగు చదునుగా ఉంటుంది. 15 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు అనుకుంటే 90 చదరపు మీటర్లు. అది 1 సెంటీమీటరు మునిగితే 0.9 ఘనపు మీటర్ల నీటిని, అనగా 900 కిలోల నీటిని, తప్పిస్తుంది. ఆర్కిమిడీస్ సూత్రం. టన్ను చొప్పున 5 కార్లు 5 టన్నులు, 60 కిలోల చొప్పున 40 మంది 2.4 టన్నులు. మొత్తం 7.4 టన్నులకు పంటు సుమారు 8.2 సెంటీమీటర్లు మునుగుతుంది. 40 మందీ దిగితే 2.7 సెంటీమీటర్లు లేవాలి. కానీ పాటులో నీరు 6 గంటల 12 నిమిషాల్లో ఒక మీటరు తీస్తుందనుకుంటే గంటకు 16 సెంటీమీటర్లు, 10 నిమిషాలకు 2.7. అంటే అందరం దిగి సంపాదించింది పది నిమిషాలు! దిగడానికే మాకు అంతకంటే ఎక్కువ పట్టింది. పోటు మళ్ళీ ఎక్కితే తప్ప పంటు కదలదు.

ఈ లెక్కలో ఇంకొకటి గమనించండి. బరువు వల్ల పంటు మునిగేది కొద్ది సెంటీమీటర్లే. ప్రమాదం బరువు ఒక పక్కకు చేరడంలో ఉంది. అవతలి ఒడ్డు దగ్గర పడగానే అందరూ ఒకేవైపు తోసుకోవడం మనకు అలవాటు. దయచేసి మానండి.

కారు విషయంలో కొన్ని మాటలు. రేవులో డ్రైవరు తప్ప అందరూ దిగి, నడిచి పంటు ఎక్కాలి. నీరు తీసి ఉన్నప్పుడు ఎక్కే పలక బాగా వాలుగా ఉంటుంది, కిందికి ఉన్న కార్ల ముందు భాగం తగులుతుంది. అలాంటి కారును పోటు సమయంలోనే ఎక్కించడం మంచిది. లోపల ఇంజను ఆపి, గేరులో వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాల కింద రాయో చెక్కో పెట్టాలి. అద్దాలు దించి ఉంచాలి. రెండు కార్ల మధ్య నిలబడకూడదు. పలక ఒడ్డున ఆనేదాకా ఇంజను ముట్టుకోకూడదు. లైఫ్ జాకెట్ ఇస్తే వేసుకోండి, నవ్వులాట వద్దు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగింది ఈ గోదావరిలోనే.

జులై నుండి సెప్టెంబరు వరకు వరద కబురు వినకుండా బయలుదేరవద్దు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు, అనగా 10 లక్షల క్యూసెక్కులకు, మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. 2022 జులైలో మూడోది కూడా దాటింది. 1986 ఆగస్టు వరద గురించి మీ ఇళ్ళలో పెద్దవాళ్ళను అడగండి. హెచ్చరిక ఉన్న రోజుల్లో పంటు సంగతి మరచిపోవాలి.

మన ప్రయాణానికి నేను అష్టమి దాటాక వచ్చే ఆదివారం చూశాను. పోటు వేళ మాత్రం నేను లెక్క కట్టలేదు. మా నాన్నకు ఫోను చేశాను. పొద్దున్న ఏ వేళకు రేవులో ఉండాలో శనివారం సాయంత్రం చెబుతానన్నాడు. టిఫిను పొట్లాలు కట్టించుకుని సిద్ధంగా ఉండండి.