కంపైలర్ అనే దుబాసి

తెలుగు బోధించే అధ్యాపకునికి కంప్యూటరుతో పనేమిటని కొందరు అడుగవచ్చు. నిజానికి ఇది భాషకు సంబంధించిన విషయమే. కంప్యూటరు ఎరిగినవి ఒకటి, సున్న అనే రెండు సంకేతాలు మాత్రమే. మానవుడు వ్రాసినదానిని యంత్రభాషలోనికి మార్చుటకు ఒక దుబాసి కావాలి. ఆ దుబాసియే కంపైలర్. ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే మన విద్యార్థులకు దుబాసి అవసరమేమిటో వేరుగా చెప్పనక్కరలేదు.

1952లో అమెరికా గణితవేత్త గ్రేస్ హాపర్ రూపొందించిన ఏ-0 తొలి కంపైలర్లలో ఒకటి. 1957లో ఫోర్ట్రాన్ వచ్చింది. 1972 ప్రాంతంలో బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ సీ భాషను రూపొందించాడు. 1987లో రిచర్డ్ స్టాల్‌మన్ జీసీసీ కంపైలర్‌ను లోకానికి స్వేచ్ఛగా అందించాడు. నరసరావుపేటలోని పేద విద్యార్థికి సైతం రుసుము లేకుండా లభించే సాధనమిది.

మాచర్ల ప్రాంతపు విద్యార్థి ఒకడు ఉబుంటు ఉన్న పాత కంప్యూటరుపై తన మొదటి సీ ప్రోగ్రాము వ్రాశాడు. 'ఎస్‌టీడీఐఓ డాట్ హెచ్ అనే ఫైలు లేదు' అని తెరపై ఆంగ్లంలో సందేశం కనిపించింది. మూడు దినాలు ప్రోగ్రామును దిద్దుతూ కూర్చున్నాడు. చివరకు "తెలుగు మాధ్యమంలో చదివినవాణ్ణి, నాకీ విద్య అబ్బదు సార్" అన్నాడు. అతని ప్రోగ్రాములో దోషమే లేదు! దుబాసి ఉన్నాడు, దుబాసి చేతిలో నిఘంటువు లేదు.

ఆ నిఘంటువే లైబ్రరీ. ఇందులో రెండు భాగాలు గలవు. హెడర్ ఫైలు విషయసూచిక వంటిది. లైబ్రరీ అసలు గ్రంథం. పాట వినేవానికి పాట చాలును; పాడ నేర్చువానికి స్వరసహితమైన ప్రతి కావాలి. అటులే, ప్రోగ్రామును నడుపువానికి లైబ్రరీ చాలును. వ్రాయువానికి హెడర్లు కూడా కావాలి. వాటిని కలిగిన ప్యాకేజీల పేరు చివర 'డెవ్' అని ఉంటుంది.

ఉబుంటులో చేయవలసిన పని స్వల్పం. ఆజ్ఞలను ఆంగ్ల లిపిలో, చిన్న అక్షరాలతో టైపు చేయాలి.

1. 'సుడో ఆప్ట్ అప్‌డేట్': ప్యాకేజీల పట్టికను తాజా చేస్తుంది.
2. 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్': జీసీసీ, మేక్, సీ లైబ్రరీ హెడర్లు ఒక్కమారే వస్తాయి.
3. 'జీసీసీ --వెర్షన్': కంపైలర్ వచ్చినదీ లేనిదీ తెలుపుతుంది.
4. 'జీసీసీ నమస్తే.సీ -ఓ నమస్తే', పిదప './నమస్తే': మొదటిది అనువదిస్తుంది, రెండవది నడుపుతుంది.

తప్పు సందేశాలు వరుసగా వచ్చినప్పుడు మొట్టమొదటిదానినే ముందు చదవాలి. తక్కినవి తరచు దాని సంతానమే. పేరు సరిగా వ్రాసినప్పటికీ 'నో సచ్ ఫైల్' అని వచ్చినచో హెడర్ లేదని అర్థం. 'అన్‌డిఫైన్డ్ రెఫరెన్స్' అన్నచో సూచిక దొరికింది, గ్రంథం జతపడలేదు. ఉదాహరణకు, వర్గమూలం కనుగొనే ప్రోగ్రాముకు ఆజ్ఞ చివర '-ఎల్ఎమ్' చేర్చవలసి రావచ్చు. 'ఎక్స్‌పెక్టెడ్' అన్నచో దోషం మన వ్రాతలోనిదే. సాధారణంగా ఒక సెమీకోలనో, కుండలీకరణమో లోపించి ఉంటుంది.

రెండవ ఆజ్ఞ పూర్తికాగానే మా విద్యార్థి ప్రోగ్రాము, ఒక్క అక్షరం మార్చకుండానే, నడిచింది. అతడు విద్యను విడువబోయినది తెలివి లేక కాదు, ఒక్క ప్యాకేజీ లేక. కళాశాల కమిటీ వారికి నా మనవి ఒక్కటే: తరగతులు ఆరంభమగుటకు పూర్వమే ప్రతి యంత్రంలో ఈ సామగ్రి నెలకొల్పి, పై నాలుగు ఆజ్ఞలను తెలుగు, ఉర్దూ వివరణలతో గోడపై అంటింపజేయాలి. విద్యార్థులారా! యంత్రం తప్పన్నంత మాత్రాన తప్పు మీదేనని తలవంచకండి. ముందు సందేశం చదవండి.