లెక్క రాసుకున్నాకే అప్పు... అప్పు తెలిశాకే విత్తనం
సన్నకారు రైతు ఇంట రాబడి, పోబడి పట్టిక వేసుకునేదెలా?

తనకల్లు: ఆకాశం వైపు చూసి చేసే సేద్యం మనది. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే. జూన్, జూలైలో వేరుశనగ వేస్తే బుడ్డలు ఇల్లు చేరేది అక్టోబరు, నవంబరులో. ఖర్చు మాత్రం మే నెలలోనే మొదలవుతుంది. దుక్కి, విత్తనం, ఎరువు, కలుపు కూలి, వాటితోపాటే పిల్లల ఫీజులు. అన్నీ చేతిలో రొక్కం లేని నెలల్లోనే వచ్చి పడతాయి. ఈ ఐదారు నెలల ఎడమే రైతును అప్పులోకి దించుతోంది. రైతు ఆత్మహత్యల నేపథ్యంలో 2004లో రాష్ట్ర ప్రభుత్వం వేసిన జయతీ ఘోష్ కమిషన్ కూడా ప్రైవేటు అప్పుల బరువునే ఎత్తిచూపింది. వాన మన చేతిలో లేదు. ఏ అప్పు ఎంతకు పడుతోందో తెలుసుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది.

రూపాయి వడ్డీ అంటే ఎంత?

ఊళ్లో వడ్డీని రూపాయల్లో చెబుతారు, బ్యాంకులో శాతాల్లో చెబుతారు. అందుకే రెండూ పోల్చి చూడటం కుదరదు. నూటికి నెలకు రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలైతే 24, మూడు రూపాయలైతే 36 శాతం. బ్యాంకులో 3 లక్షల లోపు స్వల్పకాలిక పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా కడితే 3 శాతం రాయితీ పోను 4 శాతమే పడుతుంది. ఊరి లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకు 33 పైసలు.

40 వేలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే ఏడాదికి 9,600 రూపాయలు వడ్డీకే పోతాయి. అదే 40 వేలు పంట రుణమై, గడువులో కడితే 1,600 చాలు.

అంగడి అరువుకు వడ్డీ లేదనుకుంటారు. రొక్కానికి 1,000 రూపాయలకు వచ్చే మందు అరువుకు 1,100 పడిందనుకుందాం. నాలుగు నెలలకు 100 రూపాయలు ఎక్కువ. అంటే నూటికి నెలకు రెండున్నర. టమాటా రైతుకు మండీ వాళ్లిచ్చే అడ్వాన్సూ ఇంతే. వడ్డీ అడగకపోవచ్చు. కానీ సరుకు ఆ మండీకే తోలాలి, వాళ్లు చెప్పిన కమీషన్ ఒప్పుకోవాలి. ములకలచెరువులో ధర బాగున్నా, మదనపల్లెలో బాగున్నా ఎక్కడికి తోలాలో తేల్చుకునే హక్కు మనకు ఉండదు. అడ్వాన్సు తీసుకునే ముందే కమీషన్ ఎంతో అడిగి రాసుకోవాలి.

పన్నెండు పేజీల పట్టిక

బడిపిల్లల నోటు పుస్తకం ఒకటి చాలు. నెలకో పేజీ. ఎడమ పక్క వచ్చేది, కుడి పక్క పోయేది. లెక్క తెలియడానికి ఒక ఉదాహరణ చూద్దాం. రెండెకరాల వేరుశనగ, రెండు పాడి ఆవులు ఉన్న ఇల్లు. మే నుంచి ఆగస్టు వరకు నాలుగు నెలలు.

పోయేది: సేద్యం ఖర్చు 36 వేలు, ఇంటి ఖర్చు నెలకు 6 వేల చొప్పున 24 వేలు, ఫీజులు 10 వేలు. మొత్తం 70 వేలు.

వచ్చేది: దాణా ఖర్చు పోను పాలబిల్లు నెలకు 5 వేల చొప్పున 20 వేలు, పీఎం కిసాన్ ఒక విడత 2 వేలు. మొత్తం 22 వేలు.

తక్కువ పడేది 48 వేలు. ఈ ఇంటికి కావలసిన అప్పు అంతే. ఇస్తున్నారు కదా అని లక్ష తీసుకుంటే మిగిలిన 52 వేలు పంటలోకి పోవు, వడ్డీ మాత్రం పంట మీదే పడుతుంది.

బోరు కింద టమాటా వేసేవాళ్లు దానికి వేరే పేజీ పెట్టాలి. 2023 జూలైలో మదనపల్లెలో కిలో టమాటా వంద రూపాయలు దాటింది. కోత కూలి కూడా రాక చేలోనే వదిలేసిన ఏళ్లూ మనకు తెలుసు. అందుకని పట్టికలో తక్కువ ధరే వేసుకోవాలి. ఆ ధరకు కూడా తీర్చగలిగినంతే అప్పు తేవాలి.

ముందు ఏది తీర్చాలి?

నవంబరులో బుడ్డలు అమ్మితే ఇంటి ఖర్చు, వచ్చే ఏటి విత్తనం పక్కన పెట్టగా 70 వేలు మిగిలాయనుకుందాం. అప్పులు రెండు. బ్యాంకులో 60 వేలు, గడువు జూన్. ఊళ్లో 40 వేలు, రెండు రూపాయల వడ్డీ. ముందు ఊరి అప్పు తీర్చాలి. నెలకు 800 ఆదా. మిగిలిన 30 వేలు ఇంట్లో పెట్టుకోక కిసాన్ క్రెడిట్ కార్డు ఖాతాలో వేయాలి. ఆ రోజు నుంచే అంత మేరకు వడ్డీ తగ్గుతుంది. అవసరం పడితే పరిమితి లోపల మళ్లీ తీసుకోవచ్చు. బంగారం మీద తెచ్చిన రుణానికి ఈ వీలు ఉందో లేదో ముందే అడగాలి. మిగతా బాకీ పాలబిల్లులోంచి నెలనెలా కొంత కడుతూ జూన్‌లోగా పూర్తి చేయాలి.

గడువు దాటితే 60 వేల మీద 1,800 రూపాయల రాయితీ పోతుంది. అందుకే చాలామంది గడువు దగ్గర పడ్డాక చేబదులు తెచ్చి కట్టి, రుణం తిరగరాయించుకుంటారు. ఆ పది రోజులకు నూటికి రెండు రూపాయలు తీసుకుంటే 1,200 పోతుంది, మిగిలేది 600. కొత్త రుణం చేతికి రావడం రెండు నెలలు ఆలస్యమైతే వడ్డీ 2,400. రాయితీ కంటే వడ్డీయే ఎక్కువ. మళ్లీ ఎప్పుడు ఇస్తారో మేనేజరును అడిగాకే చేబదులు తేవాలి.

కాగితం దగ్గర జాగ్రత్త

* ఖాళీ ప్రామిసరీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం చేయరాదు. మొత్తం, వడ్డీ, తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించాలి.

* కొంత కట్టినప్పుడల్లా నోటు వెనక చెల్లు రాయించాలి. అప్పు పూర్తిగా తీరిన రోజే నోటు వెనక్కి తీసుకోవాలి.

* బ్యాంకు ఖాతా స్టేట్‌మెంట్ ఏడాదికోసారి తీసుకుని చూసుకోవాలి. సిండికేట్ బ్యాంకు 2020లో కెనరా బ్యాంకులో కలిసింది. ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగమైంది. పేరు మారినా బాకీ, గడువు మారవు.

* కౌలు రైతులు సాగుదారు హక్కు పత్రం గురించి రైతు సేవా కేంద్రంలో అడగాలి. సొంత రైతైనా, కౌలు రైతైనా ఈ-పంటలో పేరు ఎక్కించుకోవాలి.

వాన ఎగ్గొడితే...

పంట పోయిన ఏడు బ్యాంకు వైపు పోకుండా తప్పించుకు తిరిగితే నష్టం రైతుకే. గడువు దాటకముందే వెళ్లి, కరవు వల్ల పంట పోయింది, రుణం రీషెడ్యూల్ చేయండి అని అర్జీ రాసివ్వాలి. నకలు మీద ముద్ర వేయించుకోవాలి. మాఫీ వస్తుందని ఆగడం మంచిది కాదు. 1990లో, 2008లో, 2014లో మాఫీలు వచ్చాయి. 2014 నాటిది విడతలుగా అందింది, ఆలోగా చాలామంది బాకీకి వడ్డీ పెరిగింది.

అప్పు ఎంతుందో ఇంట్లో దాచొద్దు. పట్టిక వేసేటప్పుడు ఇంటి ఆడవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. పాలబిల్లు, పొదుపు సంఘం కిస్తు లెక్కలు వాళ్లకే బాగా తెలుసు. బాధ మోయలేనంత అయితే 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు. ఎంత పెద్ద బాకీకైనా గడువు అడగొచ్చు, మనిషి పోతే ఇల్లు నిలబడదు.

ఉగాదికి ముందు ఒక సాయంత్రం కూర్చుని ఈ పట్టిక వేసుకోండి. మే నెలలో అప్పుకు వెళ్లేటప్పుడు ఎంత అడగాలో, ఎవరిని అడగాలో, ఎప్పుడు తీర్చాలో మీకే తెలుస్తుంది.