పాపకు నీ నంబరు వచ్చా?

చి.ల.సౌ. సుధకు,
గద్వాల నుంచి పెద్దమ్మ దీవించి రాయునది.

నిన్న మనవాళ్ల గ్రూపులో నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. పిల్లల్నెత్తుకుపోయే ముఠా దిగిందని పాపను బడికే పంపడం లేదట. భయం సహజమే తల్లీ. కానీ అందులో ఊరి పేరు లేదు, తారీఖు లేదు, ఏ పోలీస్ స్టేషనో లేదు. 2018లో మా దగ్గరా ఇట్లాంటివే తిరిగాయి. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి డప్పు కొట్టించి, పాటలు పాడించి మరీ ఊరూరా నమ్మొద్దని చెప్పించారు. ఆ మే నెలలోనే మీ హైదరాబాదులో ఇదే అనుమానంతో ఒక అమాయక ప్రాణాన్ని కొట్టి చంపారు. ముందు ఆ మెసేజ్ తీసెయ్యి.

పిల్లల్నెత్తుకుపోయినప్పుడు డాలస్‌లో మన చిన్నోడి ఫోనుకు వచ్చే ఆంబర్ అలర్టు వేరు. 1996లో అక్కడి ఆర్లింగ్టన్‌లో తొమ్మిదేళ్ల పిల్లను ఎత్తుకుపోయి చంపాక, ఆమె పేరు మీద వచ్చింది. పోలీసులు నిర్ధారించుకున్నాకే పంపుతారు. పిల్ల ఆనవాళ్లు, తెలిస్తే బండి నంబరు కూడా ఉంటాయి.

అసలు సంగతి ఇది. దసరాకి వచ్చినప్పుడు పాపను నీ ఫోన్ నంబరు అడిగితే "అమ్మ ఫోన్లో ఉంటుంది" అంది! ఇంగ్లీషు రైములు మాత్రం గడగడా చెప్పింది. బంగారుతల్లి, ఎంత ముద్దుగా చెప్పిందో. కానీ ఆ రైములు దాన్ని ఇంటికి చేరుస్తాయా?

నా చిన్నప్పుడు బీచుపల్లి పుష్కరాల్లో తప్పిపోయాను. గాజులమ్మే అవ్వ మైకు దగ్గరికి తీసుకుపోయింది. పేరడిగితే బుజ్జి అన్నాను, నాయన పేరడిగితే నాయన అన్నాను. మైకులో అదే చెప్పారు. ఎంతమంది బుజ్జిల తల్లులు పరుగెత్తుకొచ్చారో! మా అమ్మ అందరికన్నా వెనక వచ్చింది, నా వీపు మీద ఒకటేసి, ఒళ్లో పడేసుకుని ఏడ్చింది.

అందుకే నంబరు పాటలా నేర్పు. స్నానం చేయిస్తూ, జడ వేస్తూ, అన్నం ముద్దకో అంకె. నీ పేరు, వాళ్ల నాన్న పేరు, పేట పేరు కూడా నేర్పు. 'కొత్తవాళ్లతో మాట్లాడకు' అని ఊరుకోకు, తప్పిపోయిన పిల్ల మరెవర్ని అడగాలి? పిల్లల్తో ఉన్న అమ్మనో, పోలీసునో అడగమను. తెలిసిన మామయ్యే పిలిచినా నీకు చెప్పకుండా వెళ్లొద్దను.

దేవుడి దయవల్ల అవసరం రాకూడదు గానీ, వస్తే 112కు కొట్టు, 1098 కూడా ఉంది. ఒక రోజు ఆగి చూడాలనే మాట నమ్మకు. పిల్ల కనబడలేదని చెప్పగానే కేసు కట్టాలని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

రేపట్నుంచి పాపను బడికి పంపు. ఆదివారం ఫోన్ చేస్తాను, పాపకివ్వు. నంబరు అదే చెప్పాలి, నువ్వు పక్కనుంచి అందించకు.

మీ పెద్దమ్మ