ఐదో దశ రోజుల్లో వంట: ఫ్రీజర్ బఠాణీ

ఈ వారం పాఠం పురుగు మేపు గురించి కాదు, మేపేవాళ్ళ తిండి గురించి.

నాలుగో జ్వరం లేచాక ఏడెనిమిది రోజులు మన ఇళ్ళలో వంట ఎట్లా సాగుతుందో తెలిసిందే. పురుగు మొత్తం తినే ఆకులో 80 శాతం పైన ఈ రోజుల్లోనే తింటుంది. కొమ్మలు కోసి తెచ్చేసరికే పొద్దు పోతుంది. అందుకే కోయంబత్తూరు, ఉడుమలైపేట పక్క మనవాళ్ళ ఇళ్ళలో కూడా ఇప్పుడు ఫ్రీజర్లో పట్టాణి ప్యాకెట్టు ఉంటోంది. ఊటీ బఠాణీ తెచ్చి ఒలిచే తీరిక ఉంటే అదే మేలు, కాదనను.

ఎక్కువమంది చేసే తప్పు, దీన్నీ పచ్చి బఠాణీలాగే కుక్కర్లో పెట్టి మూడు విజిళ్ళు రానివ్వడం. నేనూ చాన్నాళ్ళు అట్లే చేశాను. మా ఇంట్లో దానికి పట్టాణి గంజి అని పేరు పెట్టారు.

అసలు సంగతి ఏమంటే, ఆ గింజ పూర్తిగా పచ్చిది కాదు. కోసిన తర్వాత కూడా గింజలో ఎంజైములు పని చేస్తూనే ఉంటాయి, రుచీ రంగూ పాడుచేస్తాయి. చలికి అవి నెమ్మదిస్తాయే గానీ ఆగవు. అందుకని ముందు మరిగే నీళ్ళలోనో ఆవిరిలోనో ఒకటి రెండు నిమిషాలు ఉంచి, చల్లార్చి, ఆపైన గడ్డ కట్టిస్తారు. రీలింగువాళ్ళు గూళ్ళకి ఆవిరి పట్టి లోపలి ప్యూపాని ఆపేస్తారే, అట్లాగన్నమాట. సగం ఉడుకు అక్కడే అయిపోయింది.

కాబట్టి కరగనివ్వకుండా ప్యాకెట్టు నుంచి నేరుగా వేయండి. పొరియలుకైతే ఆవాలు, ఉద్దిపప్పు, పచ్చిమిరప, కరివేపాకు తాళింపులో వేసి, రెండు చెంచాల నీళ్ళు చల్లి, పెద్ద మంట మీద మూడు నాలుగు నిమిషాలు మూత పెట్టండి. మూత తీసి నీరు ఇగరనిచ్చి ఉప్పు, కొబ్బరి కలపండి. కూర్మాలో ఉర్లగడ్డ ఉడికాక, చివరి ఐదు నిమిషాల్లో వేయాలి. టమాటా పులుపులో ఎక్కువసేపు ఉంటే పచ్చరంగు పోయి చివికిన ఆకులా అవుతుంది. రంగు కోసం సోడా వేస్తే గింజ మెత్తబడిపోతుంది, వద్దు.

కొనేటప్పుడు తడిమి చూడండి. గింజలు గలగలమనాలి. ఒకే గడ్డగా ఉంటే మధ్యలో కరిగి మళ్ళీ గట్టిపడి ఉండొచ్చు. ఇంట్లో కరెంటు చాలాసేపు పోయి ప్యాకెట్టు వెచ్చబడితే పారేయండి, డబ్బు పోయిందని చూడకండి. పిల్లలు ప్యాకెట్టులోంచి అట్లే తీసుకుని నోట్లో వేసుకుంటారు, తిననివ్వకండి. చలికి క్రిములు చావవు, నిద్రపోతాయంతే. పొగలు వచ్చేదాకా వేడెక్కాలి.

షెడ్డులో సున్నం, బ్లీచింగు చల్లి వచ్చిన చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ప్యాకెట్టు చింపండి.