గుంటుపల్లి కొండమీద
(అపొ. కార్యములు 17:16–23 చదువుకొనుడి)

నల్లజర్లనుండి మన సంఘస్థులము కొందరము గుంటుపల్లి గుహలు చూడబోయినప్పుడు ఒక పెద్దమ్మ, "అన్యుల గుడి మనకెందుకండీ అయ్యగారూ?" అని యడిగెను. మంచి ప్రశ్నయే. అయినను పౌలు ఏథెన్సులో కన్నులు మూసికొని నడువలేదు. ఆత్మలో పరితాపము కలిగినను, తిరిగి వారి దేవతాస్థానములను చూచిన పిమ్మటనే వారితో మాటలాడెను.

జీలకర్రగూడెము ప్రక్కనున్న ఈ కొండను బౌద్ధ భిక్షువులు క్రీస్తుపూర్వము 2వ శతాబ్దమునుండి తొలిచి నివసించిరి. అందులో గుండ్రని చైత్యమొకటి కలదు. మార్గము చూపువాడు అందరిని లోపల నిలిపి తలయెత్తుడనెను. రాతికప్పునకు వాసములు! ఎండకు వానకు చెదరని కొండకు వాసములతో పనియేమి? కఱ్ఱతో కప్పిన పర్ణశాలను చూచి, ఆ రూపమునే రాతిలో చెక్కిరి.

పెద్దమ్మ చాలసేపు పైకే చూచుచుండెను. మెట్లు దిగుచు, "మా నాన్న కట్టిన పాకలాగే ఉందండీ" అనెను.